ఏ గోలు వెనక నిలబడ్డాడు

"బేగెల్రా గంగులూ, బేగెల్లు" అంటాడు అప్పలసూరి, ఆటో గోతిలో పడి లేవగానే "మెల్లగెల్లరా, గుంటడి తల అదిరిపోతంది" అంటాడు, రెండింటిలో ఏది కావాలో తనకే తెలియదు. ఒళ్లో ఉన్నది బావమరిది గోపి తల. దానికి చుట్టిన తువ్వాలు తనదే, పొద్దున పసుపు రంగుది, ఇప్పుడు అంచుల్లో తప్ప ఆ రంగు మిగల్లేదు. ముక్కు దగ్గర వేలు పెట్టి ఊపిరి వస్తోందని ధైర్యపడి, అంతలోనే నమ్మకం పోయి మళ్లీ పెట్టి, రాజాం ఇంకెంత దూరంరా అని అడిగితే, గంగులు వెనక్కి తిరక్కుండానే "వచ్చేసినాం బావా, వచ్చేసినాం" అంటాడు గాని వచ్చింది ఎక్కడికి, రోడ్డుకి రెండు పక్కలా కోసేసిన వరిమళ్లే, పొద్దు వాలిపోతోంది. గంగులు హారన్ మీద చెయ్యి తియ్యడు, తిట్టడమూ ఆపడు. "ఆ దిబ్బలవలస నా కొడుకుల్ని ఇయ్యాల వదిలితే నన్నడుగు. ఒక్కొక్కడికీ మోకాళ్లు ఇరిసి ఆ గోలుపోస్టుకే కట్టాల. గుంటడ్ని పట్టుకుని అలగ కొడతారా?" అని, అంతలో ఏదో గుర్తొచ్చి అద్దంలోంచి చూసి, "నువ్వేటీ అనుకోకు బావా, మీ ఊరని కాదు" అన్నాడు. మీ ఊరు! గెడ్డపేటకి ఇల్లరికం వచ్చి, గెడ్డపేట మట్టి దున్ని, గెడ్డపేటలో పిల్లల్ని కని, గెడ్డపేట జట్టు వెనక ఇచ్ఛాపురం దాకా లారీ మీద నిలబడి వెళ్లి గొంతు పోయేలా అరిచి వచ్చినవాడికి దిబ్బలవలస ఇంకా మీ ఊరు. ఇంకో రోజైతే అప్పలసూరి ఆ మాటకి గంగులు కాలరు పట్టుకునేవాడు. ఇవాళ చెయ్యి లేవలేదు. గోపిని కొట్టింది దిబ్బలవలసవాళ్లు కాదు. కొట్టింది తను.

తనే. ఈ చేతులే, ఇప్పుడు గుంటడి తలని గాజుబుడ్డిలా పట్టుకున్న ఈ చేతులే. మైదానం మూల పాతిన జెండాకర్ర, గట్టి వెదురు, అది పీకి బలమంతా పెట్టి దింపాడు, ఎముక మీద పడిన చప్పుడు చెవిలోంచి పోవడం లేదు, ఆటో ఇంత మోత చేస్తున్నా దాని అడుగున అదే చప్పుడు. ఎవరూ చూడలేదు. దుమ్ము, రాళ్లు, తన్నులాట, ఎవడు ఎవణ్ణి కొడుతున్నాడో దేవుడికే తెలియాలి. చూసింది ఒక్కడే, వాడు ఒళ్లో ఉన్నాడు. వాడు కళ్లు తెరిస్తే చెప్తాడు, తెరవకపోతే ఎవరికీ తెలియదు. ఆ ఆలోచన వచ్చింది, ఎంత తాపీగా వచ్చిందంటే, పక్కింటివాడు చుట్టకి నిప్పు అడగడానికి వచ్చినట్టు వచ్చింది. ఓరి దరిద్రుడా, ఓరి కసాయినాయాలా అని అప్పలసూరి తన పిడికిలితో తన మూతి మీదే గుద్దుకున్నాడు, పెదవి చిట్లి నోట్లోకి ఉప్పగా కారింది, ఇంకోటి గుద్దుకున్నాడు. "అలగ కొట్టుకోకు బావా, నువ్వేటి సేస్తావు" అన్నాడు గంగులు జాలిగా. పెళ్లినాడు గోపి ఏడేళ్లవాడు, పీటల మీద కూర్చున్న తన భుజం ఎక్కి దిగనంటే దిగనని, తాళి కడుతుంటే కూడా మెడ చుట్టూ కాళ్లు వేసుకుని కూర్చున్నాడు. ఆ భుజం మీదే ఎక్కించుకుని ఎన్ని ఊళ్లు తిప్పాడు, ఎన్ని ఆటలు చూపించాడు! ఎవరు గోలు కొట్టినా పైనుంచి తన నెత్తి మీద తబలా వాయించేవాడు. ఇంటి దగ్గర ధనలక్ష్మి ఈపాటికి వినే ఉంటుంది, తమ్ముడికి ఏమైందని కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తూ ఉంటుంది, పక్కన ఆయన ఉన్నాడు కదా, ఆయనుంటే ఏం కాదు అనుకుంటూ ఉంటుంది.

అంతా ఆ గుడ్డ దగ్గర మొదలైంది. కోతలయ్యాక ఈ చుట్టుపక్కల ఊళ్లు ఆడుకునే ఫుట్‌బాల్ పోటీలకి ఒక పద్ధతి ఉంది. ఆటకి ముందు ప్రతి ఊరూ తన అమ్మవారికి చుట్టిన గుడ్డ తెచ్చి తన గోలుపోస్టు అడ్డకర్రకి కడుతుంది, గెడ్డపేటది పసుపు, దిబ్బలవలసది ఎరుపు. గెలిచినవాళ్లు ఓడినవాళ్ల గుడ్డ పీక్కుని పోయి తమ అమ్మవారి గుమ్మానికి కడతారు, వచ్చే ఏడు దాకా అది అక్కడ ఎండకి ఎండి వానకి తడుస్తుంది, ఆ దారినపోయే ఓడిన ఊరివాడు తల వంచుకుని పోతాడు. కప్పుదేముంది, రేకు ముక్క. గుడ్డ కోసమే ఆడతారు, గుడ్డ కోసమే తలకాయలు పగులుతాయి. గెడ్డపేట గుడ్డ ఎప్పుడూ మావ కూర్మయ్య కట్టేవాడు, ఈ ఏడు మోకాళ్లు సహకరించక మంచమ్మీద కూర్చునే అల్లుడి చేతిలో పెట్టాడు, "నువ్వు కట్టు" అని. ఆ ఒక్క మాటకి అప్పలసూరి పొద్దున్నే తలంటుకున్నాడు, ఉతికిన పంచె కట్టాడు, గుడ్డని రెండు చేతుల మీద పెట్టుకుని మైదానం దాకా నడిచే వచ్చాడు. అడ్డకర్ర అందుకోబోతుంటే జట్టు పెద్ద గంగరాజు వచ్చి చేతిలోంచి తీసేసుకున్నాడు. "మావ ఇచ్చినాడని కట్టేయడవేనేటి బావా? అటు మీ అన్న ఎర్రది కడతన్నాడు, ఇటు నువ్వు పసుపుది కడితే అమ్మోరు ఏ మొకాన్ని సూస్తాది?" అన్నాడు. అందరూ నవ్వారు. మంచి నవ్వే, బావని వేళాకోళం ఆడే నవ్వే, కాని అప్పలసూరికి తల కొట్టేసినట్టయింది. కొరడాతో కొట్టినా ఆ నవ్వంత మండదు. నవ్వనివాడు గోపి ఒక్కడే. వచ్చి భుజం మీద చెయ్యేసి, "ఎర్రగుడ్డ నాను పీక్కొస్తాను బావా. తెచ్చి నీ సేతికే ఇస్తాను. గుమ్మానికి నువ్వే కడుదువుగాని, అప్పుడు ఎవుడడ్డమొస్తాడో సూద్దాం" అన్నాడు.

వాడికి తెలుసు, ఊరుకాని ఊరి మీద ప్రాణం పెట్టుకోవడం అంటే ఏమిటో. వాడికి ఆట రాదు, పరిగెత్తితే ఆయాసం, అరవడం మాత్రం వచ్చు. సముద్రాల అవతల ఏదో ఊరి క్లబ్బట, దాని ఎర్ర చొక్కా ఒకటి సంపాదించి, ఫోనులో ఆ ఆటలు చూసి, వాళ్లు ఓడితే కంచం తోసేసి లేచిపోయేవాడు. ఒకసారి నువ్వుల చేలో కలుపు తీస్తూ ఆ ముచ్చట వచ్చి అప్పలసూరి పగలబడి నవ్వాడు. "ఆ ఊరెటుందో నీకు తెల్దు. నువ్వున్నావని ఆళ్లకి తెల్దు. నీదేటి అభిమానంరా, ఎర్రి గుంటడా?" అన్నాడు. గోపి కలుపుమొక్క పీకి మట్టి దులుపుతూ, "ఆళ్లకి తెలీకపోతే ఏటి బావా, నాకు తెల్సు గదా" అని, ఇంకో మొక్క మీద చెయ్యేసి, "మరి నువ్వేటి? గెడ్డపేటలో పుట్నావా?" అన్నాడు. ఆ మాట అప్పుడు చెంప మీద కొట్టినట్టే తగిలింది, తరవాత తరవాత మందులా పనిచేసింది. నిజమే కదా! పుట్టినవాడికేముంది, ఆటకి రాడు, ఇంట్లో చేపలపులుసు తిని పడుకుంటాడు, అయినా ఆ ఊరివాడే, వాణ్ణి అడిగేవాడు లేడు. బయటినుంచి వచ్చినవాడు ప్రతి ఆటకీ రావాలి, ప్రతి గోలుకీ అందరికన్నా ఎత్తు గెంతాలి, ఓడితే అందరికన్నా ఎక్కువ ఏడవాలి, తన్నులాట వస్తే ముందు వరసలో ఉండాలి, ఒక్కసారి వెనక నిలబడ్డాడా, అదిగో చూశారా అంటారు. ఏ ఆటలో రాయి పడినా తన ఒంటి మీదే పడాలని కోరుకున్నాడు అప్పలసూరి, మోకాలి దగ్గర ఆ మచ్చ అలా వచ్చిందే, కనుబొమ దగ్గర కుట్లు అలా వచ్చినవే. ఇంత రక్తం పోసినా ఒక గుడ్డ కట్టడానికి పనికిరాలేదు. ఆటో మళ్లీ ఎగిరింది. గోపి గొంతులోంచి మూలుగొకటి వచ్చింది. "అయిపోయింది నాయనా, వచ్చేసినాం నాయనా" అన్నాడు అప్పలసూరి, వాడి చెంపకి తన చెంప ఆనించి.

అన్న అసిరయ్య నేర్పిన ఆట అది, ఈ కొట్టే ఆట. దిబ్బలవలసకి వెనక కాపు కాసేవాడు అసిరయ్య, వట్టికాళ్లతో ఆడేవాడు, అతని పక్కనుంచి బంతి పోవచ్చు గాని మనిషి పోయేవాడు కాదు. "బంతి సూడకు, ఆడి మోకాలు సూడు" అని చెప్పి, చెప్పింది బుర్రకెక్కాలని తమ్ముడి మోకాలి మీద తన్ని చూపించేవాడు, తన్నాక తనే పసుపు కాచి పట్టు వేసేవాడు. ఆ అన్నకి ఎదురుగా గెడ్డపేట గోలు వెనక నిలబడ్డాడు తమ్ముడు. రెండేళ్ల కిందట దిబ్బలవలస మీద గోలు పడగానే అప్పలసూరి ఎగిరి గెంతి, కిందికి దిగేలోపల మైదానం అవతల అన్న కళ్లు చూశాడు. అన్న తిట్టలేదు, కొట్టడానికి రాలేదు. నేల మీద ఉమ్మేసి, అటు తిరిగి వెళ్లిపోయాడు. కొట్టి ఉంటే బాగుండేది. కొడితే మళ్లీ పసుపు పట్టు వేసేవాడు. ఆ రోజునుంచి మాటల్లేవు, అమ్మ తద్దినానికి కూడా పిలుపు రాలేదు, అప్పలసూరి కబురూ పంపలేదు, పంపితే గెడ్డపేటలో ఏమంటారోనని. అక్కడ వెలివేశారు, ఇక్కడ కలుపుకోలేదు, మధ్యలో పళ్లు కొరుక్కుంటూ బతికాడు, ఒక్క రోజు దొరక్కపోతుందా, చూపించకపోతానా అని.

ఆ రోజు ఇవాళే అనుకున్నాడు. చివరిదాకా రెండు వైపులా గోలు లేదు, చివర్లో గెడ్డపేటకి పెనాల్టీ ఇచ్చారు, బంతి లోపల పడింది, అంతే, దిబ్బలవలస జనం రిఫరీ మీదకి వచ్చేశారు, గెడ్డపేట జనం వాళ్ల మీదకి వెళ్లారు. వరిదుబ్బులు కాళ్ల కింద నలిగి మైదానం అంతా దుమ్ము. ఎవడో తన పంచె పట్టి లాగాడు, ఎవడో వీపు మీద గుద్దాడు, గంగరాజు ఎక్కడో "కొట్టండ్రా" అంటున్నాడు, ఆ గొంతు వినగానే పొద్దున్నటి నవ్వు గుర్తొచ్చి కళ్లు ఎర్రబడ్డాయి. జెండాకర్ర పీకాడు. చూడండ్రా అనుకున్నాడు, ఎవడి ఊరోడో ఇప్పుడు చూడండ్రా. దుమ్ములోంచి ఎర్రచొక్కా ఒకటి, తలకి ఎర్రగుడ్డ, చేతులు చాచి తన మీదకే పరిగెత్తుకొస్తోంది. ఎర్రగుడ్డ అంటే దిబ్బలవలస. దిబ్బలవలస అంటే అన్న కావచ్చు. ఇదిగో, ఇదే, దీన్నే మింగలేకపోతున్నాడు అప్పలసూరి. అన్న కావచ్చు అని తట్టింది, తట్టాక కూడా కర్ర ఆగలేదు. ఇంకా గట్టిగా దిగింది. దిగుతుండగా "బావా" అని వినబడింది. మీద వేసుకున్న పసుపు చొక్కా సంబరంలో విప్పి పారేసి, లోపలి ఆ పరదేశపు ఎర్ర చొక్కాతో, దిబ్బలవలస గోలు నుంచి పీకిన గుడ్డ తలకి చుట్టుకుని, గెలిచిన గుడ్డ బావ చేతిలో పెట్టడానికి వచ్చాడు గోపి. కళ్లూ కళ్లూ కలిశాయి. పడిపోయేటప్పుడు కూడా వాడి మొహం మీద నవ్వు పూర్తిగా పోలేదు. అప్పలసూరి మోకాళ్ల మీద కూలబడి వాణ్ణి ఎత్తుకుంటుంటే గంగరాజు వచ్చి చూసి, "సంపేసినార్రా, దిబ్బలవలసోళ్లు గోపిని సంపేసినార్రా" అని మైదానమంతా వినబడేలా కేక పెట్టాడు. కాదు అనడానికి నోరు తెరిచాడు అప్పలసూరి. తెరిచిన నోరు మూసుకుని, తన తువ్వాలు తీసి గోపి తలకి చుట్టాడు.

జేబులో ఫోను మోగింది. గంగరాజే. వెనక ట్రాక్టరు మోత, మనుషుల కేకలు. "గోపికెలాగుంది బావా? ఊపిరుందా? సరే, నువ్వు ఆడ్ని సూసుకో. మేం దిబ్బలవలస ఎల్తన్నాం. రెండు ట్రాక్టర్లు. ముందు ఆ అసిరయ్యని బైటికి లాగుతాం, ఆడే ఎగదోసినాడు జనాన్ని. నువ్వు ఈ ఊసు ఎక్కడా అనకు." వీళ్లు వెళ్తే ఊరికే రారు. వదినా, అన్న ఇద్దరు ఆడపిల్లలూ, ఆ పెంకుటిల్లు, వసారాలో గడ్డిమేటు. "ఎల్లొద్దు" అన్నాడు అప్పలసూరి. "ఎల్లొద్దు గంగరాజూ. దిబ్బలవలసోళ్లు కాదు. నాను కొట్టినాను. ఎర్రగుడ్డ సూసి ఎవుడో అనుకున్నాను. నానే కొట్టినాను, మా అమ్మ మీదొట్టు." ముందు సీట్లో గంగులు చెయ్యి హారన్ మీదనుంచి లేచింది. అటు గంగరాజు నవ్వాడు, పొద్దున నవ్విన నవ్వే. "నాకు తెల్సు బావా. పుట్టిన ఊరు గదా, పేగు లాగుతాది. తప్పనను. ఆళ్లని కాయడానికి నింద నీ మీదేసుకుంటన్నావు, ఎంతైనా ఆ ఊరోడివి." ఫోను కట్టయిపోయింది. ఎంతైనా ఆ ఊరోడివి! ఏ మాట తుడిచేయడానికి కర్ర ఎత్తాడో, నిజం చెప్తే ఆ మాటే తిరిగొచ్చింది. అప్పలసూరి ఆటో ఇనుపకడ్డీకి తల కొట్టుకున్నాడు. "నువ్వైనా నమ్ముతావేటిరా గంగులూ" అన్నాడు. గంగులు అద్దంలోకి చూడలేదు. "నువ్వు గుంటడ్ని కొడతావేటి బావా, ఊరుకో" అన్నాడు. అప్పలసూరి పోలీసులకి ఫోను చేశాడు, మనుషుల్ని పంపుతామన్నారు, ఉన్న జీపు మైదానం దగ్గరే ఉందని తనకి తెలుసు. అన్నకి చేశాడు. రెండేళ్లుగా నొక్కని పేరు. ఎత్తాడు. "అన్నా, ఆడోళ్లని తీసుకుని ఎనకదారిని పో, మావోళ్లు వస్తన్నారు" అని గబగబా అనేశాడు. "ఎవరోళ్లు?" అన్నాడు అసిరయ్య. "మావోళ్లు అన్నావు గదా. రమ్మను మీవోళ్లని" అని అన్న పెట్టేశాడు. మళ్లీ చేస్తే ఎత్తలేదు, మళ్లీ మళ్లీ చేశాడు, ఎత్తలేదు.

రాజాం వచ్చింది. సందె దీపాలు, బస్సులు, ధాన్యం బస్తాల లారీలు అడ్డం, గంగులు తిట్టుకుంటూ దారి చేసుకుని ఆసుపత్రి ఆవరణలోకి తిప్పాడు. చక్రాల మంచం తెచ్చారు. గోపిని దాని మీదకి ఎత్తుతుంటే వాడి కళ్లు తెరుచుకున్నాయి, ఎటో చూసి, వచ్చి అప్పలసూరి మొహం మీద ఆగాయి. గుర్తుపట్టాడు. తెలివిలోనే ఉన్నాడు. అప్పలసూరి ప్రాణం లేచొచ్చింది, వీడు చెప్తే నమ్ముతారు, వీడి మాట ఎవడు కాదంటాడు! గంగరాజుకి ఫోను కలిపి, మంచంతో పాటు పరిగెడుతూ, "గంగరాజూ, ఆగు, గోపిగాడికి తెలివొచ్చింది, ఆడే సెప్తాడు విను" అని స్పీకరు నొక్కి వాడి నోటి దగ్గర పెట్టాడు. "సెప్పరా. ఎవుడు కొట్టినాడో సెప్పు. బావే కొట్టినాడని సెప్పరా నాయనా, నీ కాళ్లట్టుకుంటాను" అన్నాడు ఏడుస్తూ. గోపి పెదవులు కదిలాయి. ఆ కళ్లలో కోపమేమీ లేదు, పొద్దున భుజం మీద చెయ్యేసినప్పటి ప్రేమే ఉంది. బావని పట్టివ్వడానికి ఇష్టం లేకో, ఏం అడుగుతున్నారో తెలియకో, వాడు మెల్లగా, "మనమే గెలిసినాం గదా బావా" అన్నాడు.

ఫోనులోంచి ఒక్కసారిగా కేక లేచింది, మనిషి కేక కాదు, ఊరి కేక. "ఇన్నారా! సావుబతుకుల్లో ఉండి గెలిసినాం అంటన్నాడు మన గుంటడు! అదీ మన ఊరోడంటే!" అని గంగరాజు అరుస్తున్నాడు. మంచం తోసేవాళ్లు గోపిని లోపలికి తీసుకుపోయారు, తలుపులు మూసుకున్నాయి. అప్పలసూరి చేతిలో ఫోను అలాగే ఉంది, అటు ఇంకా పెట్టెయ్యలేదు. అందులో ట్రాక్టర్లు ఆగిన చప్పుడు. కుక్కలు మొరిగాయి. "ఒరే అసిరయ్యా, బైటికి రారా" అని ఎవరో పిలిచారు. "అన్నా, తలుపు తియ్యకు" అని అరిచాడు అప్పలసూరి ఆసుపత్రి ఆవరణ అదిరిపోయేలా, "అన్నా, తియ్యకన్నా", అక్కడున్నవాళ్లంతా లేచి చూస్తున్నారు, గంగులు వచ్చి నడుం పట్టుకున్నాడు. అసిరయ్య ఇంట్లో దాక్కునే మనిషి కాదు. ఆ తలుపుకి లోపల అడ్డంగా వేసే మద్దికర్ర గడియ ఒకటుంది, తీస్తే గోడకి రాసుకుని కిర్రుమంటుంది. ఫోనులో అది తీసిన చప్పుడు వినబడింది.